సుషీ కౌంటర్ దగ్గర ఒక్కరే కూర్చుంటే: మాట ఎక్కడ మొదలవుతుంది

మీరు అడిగింది ముందు క్లుప్తంగా చెప్పుకుంటాను, తర్వాత చదివేవాళ్లకీ ఉపయోగపడుతుంది. ఆఫీసు పని మీద మూడు వారాలు జపాన్ వెళ్తున్నారు. ఒక శనివారం టోక్యోలో దిగి, చివరి కొద్ది రోజులు ఒసాకాలో ఉంటారు. తోడు ఎవరూ రావట్లేదు. చేపలు తింటారు, గొడ్డు మాంసం ముట్టరు, మందు అలవాటు లేదు, జపనీస్ రాదు. ఆడపిల్ల ఒక్కతే సుషీ కొట్లో కౌంటర్ దగ్గర కూర్చుంటే వింతగా చూస్తారా, పక్కవాళ్లతో మాట కలపొచ్చా, కలిపితే ఎలా అన్నది మీ సందేహం.

వింతగా ఎవరూ చూడరండీ. మాట కలపడం మాత్రం మన దగ్గర రైలెక్కగానే కలిపినట్టు కుదరదు. అక్కడ మాట మొదలయ్యేది కౌంటర్ అవతల కత్తి పట్టుకుని నిలబడ్డాయన దగ్గర. పక్కమనిషి దాకా అది ఆయన మీదుగానే వెళ్తుంది. ఇది మనసులో పెట్టుకుంటే సగం బెరుకు పోతుంది. నేను టోక్యోలో నిషి కసాయ్‌లో ఉంటాను. మన దేశం వాళ్లు బాగా ఉన్న పేట, కందిపప్పు కోసమైనా మీరు ఒకసారి వస్తారు. ఉద్యోగం కోసం ఊళ్లు తిరుగుతూ ఒక్కదాన్నే తినడం చాలా ఏళ్ల అలవాటు, అందుకే కాస్త పొడుగ్గా రాస్తున్నా.

మన హోటళ్లలో ఒక ఆడమనిషి వెళ్లి కూర్చుంటే సర్వర్ మెనూ ఇవ్వకుండా "ఇంకెవరైనా వస్తున్నారా మేడమ్" అంటాడు చూడండి, ఆ ప్రశ్న అక్కడ రాదు. 2020 జనాభా లెక్కల ప్రకారం జపాన్‌లో దాదాపు 38 శాతం ఇళ్లలో ఉండేది ఒక్క మనిషే. ఒంటరిగా వచ్చే గిరాకీని దృష్టిలో పెట్టుకునే వాళ్ల హోటళ్లు నడుస్తాయి. రామెన్, అంటే నూడిల్స్ పులుసు, అమ్మే ఒక ప్రసిద్ధ గొలుసు దుకాణంలో అయితే మనిషికీ మనిషికీ మధ్య చెక్క అడ్డం పెట్టి మరీ తిననిస్తారు.

సుషీకైతే ఇది ఇంకా పాత సంగతి. ఇప్పుడు మనం చూసే, అన్నం ముద్ద మీద చేపముక్క పెట్టి వేళ్లతో నొక్కి ఇచ్చే నిగిరి, 1820ల ప్రాంతంలో ఎదోలో, అంటే అప్పటి టోక్యోలో, పేరుకెక్కింది. ర్యోగోకులో కొట్టు పెట్టిన హనాయా యోహెయ్ పేరు దానికి చెబుతారు. పనుల కోసం వచ్చిన మగవాళ్లతో నిండిన ఊరు అది. బండి దగ్గర నిలబడి, రెండు ముక్కలు చేత్తో తీసుకు నోట్లో వేసుకుని పోయేవాళ్లు. ఈనాటి కౌంటర్ ఆ బండికి వారసురాలే. కాబట్టి నలుగురు కలిసి వెళ్లి బల్ల చుట్టూ కూర్చోవడమే తర్వాత వచ్చిన అలవాటు. ఒక్కరే వెళ్తే ఇంకో లాభం, నిండిన కొట్లో కూడా ఒక కుర్చీ దొరుకుతుంది. తలుపు దగ్గర చూపుడు వేలు ఒకటి చూపించి "హితోరి దెస్" అనండి, ఒక్కరమే అని. నేరుగా కౌంటర్‌కే తీసుకెళ్తారు.

అయితే ఏ కొట్టుకి వెళ్లారన్న దాన్ని బట్టే మాటలు నడుస్తాయా లేదా అన్నది తేలిపోతుంది. పళ్లేలు బెల్టు మీద తిరిగే కైతెన్ సుషీకి మాటల కోసం వెళ్లకండి. 1958లో షిరాయిషి యోషియాకి అనే ఆయన బీరు కార్ఖానాలో సీసాలు బెల్టు మీద పోవడం చూసి, ఆ ఊహతో ఒసాకా పక్కనున్న హిగాషి ఒసాకాలో మొదటిది తెరిచాడు. చవక, పిల్లలకి సరదా. ఇప్పుడు పెద్ద గొలుసు దుకాణాల్లో ఆర్డరంతా తెర మీద వేలితో నొక్కడమే, మీ పళ్లెం మీ ముందు ఆగుతుంది, తిని వచ్చేస్తారు. మొదటి రోజు ధైర్యం కూడగట్టుకోవడానికి మంచిదే, చేపల పేర్లు బొమ్మలతో సహా నేర్చుకోవచ్చు. మనిషి గొంతు మాత్రం వినపడదు.

రెండో కొసన టోక్యోలో గింజా లాంటి ఖరీదైన చోట్ల ఓమకసే కొట్లు. ఏం పెట్టాలో ఆయన ఇష్టానికే వదిలేయడం ఓమకసే. రాత్రి పూట ఇరవై వేల యెన్‌ల పైనే అవుతుంది, ముందే బుక్ చేసుకోవాలి, అందరికీ ఒకే వేళకి మొదలుపెడతారు. చేప అద్భుతంగా ఉంటుంది. కచేరీలో ముందు వరసలో కూర్చున్నట్టు అందరూ నిశ్శబ్దంగా ముందుకే చూస్తుంటారు. కొన్ని చోట్ల తైషో, అంటే ఆ పెద్దాయన, సరదా మనిషైతే నవ్వులు పూస్తాయి కానీ దాన్ని నమ్ముకుని అంత డబ్బు పెట్టమని నేను చెప్పను.

మీకు కావలసింది మధ్యది. పేటలో సందు మలుపులో ఎనిమిదో పదో కుర్చీలతో, తరచుగా మొగుడూ పెళ్లాం కలిసి నడిపే కొట్టు. బయట నోరెన్ అనే గుడ్డ తెర వేలాడుతుంది, లోపల కౌంటర్ మీద గాజు పెట్టెలో చేపముక్కలు. రాత్రి పూట నాలుగు నుంచి ఎనిమిది వేల యెన్‌లలో కడుపు నిండుతుంది, మధ్యాహ్నం సెట్ అయితే అంతకంటే బాగా తక్కువ. కానీ మధ్యాహ్నం ఆఫీసువాళ్లు గబగబా తిని లేస్తారు, మాటలకి తీరిక ఉండదు. సాయంత్రం తెరవగానే, ఐదున్నరకల్లా వెళ్లండి. అప్పుడు వచ్చేది పక్క వీధి పెద్దవాళ్లు, రోజూ వచ్చేవాళ్లు. తైషోకి చేతి నిండా పని ఉండదు. ఏడు దాటాక ఆఫీసుల గుంపులు వస్తాయి, మీరు మూలన పడిపోతారు.

పేట అడుగుతారు కాబట్టి చెబుతున్నా. టోక్యోలో నేను ఎక్కువగా వెళ్లేది మొన్జెన్ నకాచో. నిషి కసాయ్ నుంచి తోజాయ్ లైన్ మెట్రోలో నేరుగా వెళ్లిపోవచ్చు. తొమియొకా హచిమాన్ గుడి చుట్టూ పాత పేట, సందుల నిండా చిన్న కొట్లు. త్సుకిజీ బయటి బజారూ బాగుంటుంది కానీ అక్కడ పక్క కుర్చీలో కూర్చునేది మీలాగే సూట్‌కేసుతో వచ్చినవాళ్లు. వేలంపాటలు జరిగే లోపలి మార్కెట్ 2018 అక్టోబరులోనే తొయోసుకి వెళ్లిపోయింది.

కుర్చీలో కూర్చోగానే చేతికి వేడి తువ్వాలు ఇస్తారు, ఓషిబోరి. అది చేతులకే, మొహానికి వద్దు. ఆ రోజు సెంటు పూసుకోకండి, చేప వాసన మీద అన్నం పులుపు మీద బతికే కొట్టు అది. మనవాళ్లలో కొందరు బ్యాగులోంచి ఆవకాయ సీసా తీస్తారు. దయచేసి తీయకండి. హోటల్ గదికి వెళ్లాక మీ ఇష్టం.

అన్నిటికంటే ముందు రెండు ముక్కలు తైషోకి చెప్పేయండి. గొడ్డు మాంసం వద్దు అనడానికి "గ్యూనికు నాషి దె", అప్పుడప్పుడు దాన్నీ నిగిరి చేస్తారు కాబట్టి. రెండోది డబ్బు. గోడ మీద పలకల్లో ధర ఉండాల్సిన చోట "జికా" అని రాసి ఉంటే ఆనాటి బజారు ధర అని అర్థం, ఎంతో చెప్పరు. "యోసాన్ వా గోసెన్ ఎన్ గురాయ్ దె" అంటే ఐదు వేల యెన్‌లలో కానివ్వండి అని. దాన్ని ఎవరూ తక్కువగా చూడరు, ఆయనకీ పని తేలిక. ఫోన్‌లో జపనీస్‌లో రాసి చూపించినా సరిపోతుంది. మందు తాగకపోతే ఊరోన్ చా అనే చల్లటి టీ అడగండి. వేడి గ్రీన్ టీ ఎలాగూ ఇస్తూనే ఉంటారు.

ఇక తినడం. నిగిరి చేత్తో తినొచ్చు, ఇక్కడ మనం నేర్చుకోవాల్సింది ఏమీ లేదు. అన్నం వైపు కాకుండా చేప వైపు సోయాలో అద్దాలి, ఒకే ముద్దలో వేసుకోవాలి, పెట్టిన వెంటనే తినాలి. ఫోటో కోసం ముక్కని రెండు నిమిషాలు ఆరబెడితే తైషో మొహం మాడుతుంది. మీ పళ్లెం ఫోటోకి అభ్యంతరం ఉండదు కానీ "షాషిన్ ఈ దెస్ కా" అని ఒక మాట అడగండి. పక్కవాళ్ల మొహాలు రానివ్వకండి.

ఇప్పుడు అసలు సంగతి. తిన్నగా పక్కకి తిరిగి "హలో, మీరేం చేస్తుంటారు" అంటే ఆ మనిషి మర్యాదగా నవ్వి, తన గ్లాసులోకి తల దించేసుకుంటాడు. పొగరేమీ ఉండదు. ఇంగ్లీషులో జవాబు చెప్పాలేమో అన్న భయం ఒకటి, పరిచయం లేని మనిషి ఏకాంతంలోకి చొరబడకూడదన్న పద్ధతి ఒకటి. అందుకే తైషోని అడగాలి, అదీ ఆయన చేతులు ఖాళీగా ఉన్నప్పుడు. "క్యో నో ఓసుసుమె వా?" ఈవేళ ఏది బాగుంది అని. పది కుర్చీల కొట్లో ఆ మాట అందరికీ వినపడుతుంది. ఇండియా ఆవిడ ఏం అడిగింది, ఆయన ఏం ఇస్తాడు అని చెవులు ఇటే ఉంటాయి.

ఒక సాయంత్రం ఎలా జరిగిందో చెబుతాను. మొన్జెన్ నకాచోలో నా ఎడమ పక్కన ఒక పెద్దాయన, ముందు వేడి సాకే, అంటే బియ్యంతో చేసే మందు, కూజా. తైషో ఆయనకి ఒక ముక్క పెట్టాడు. వెండి రంగు తోలు, దాని మీద మిరియాల పొడి చల్లినట్టు నల్లటి చుక్కలు, తోలు మీద కత్తితో సన్నటి గాట్లు. అది నేను అంతవరకు తినలేదు. పక్కాయన్ని అడక్కుండా తైషో వైపు చూసి "అరె వా నాన్ దెస్ కా" అన్నాను, అదేంటండీ అని. "కొహదా" అన్నాడు తైషో. అంతే, పక్కాయన అందుకున్నాడు. కొహదా బాగుంటే ఆ కొట్లో అన్నీ బాగున్నట్టేనని, ఉప్పు ఎంతసేపు, వెనిగర్‌లో ఎంతసేపు అన్నది చేప సైజునీ ఆ రోజు వేడినీ బట్టి మారుతుందని, ఆ లెక్క చేతికి రావడానికి ఏళ్లు పడుతుందని. చాప్‌స్టిక్స్‌తో చూపించడం మర్యాద కాదు కదా, గడ్డంతో చూపిస్తూ చెబుతున్నాడు. తైషో ఏమీ అనకుండా ఎడమ చేతిలో చేపముక్క, కుడి చేత్తో అన్నం, చూపుడు వేలి చివర వసాబీ, నాలుగు కదలికల్లో నాకూ ఒకటి చేసి ముందు పెట్టాడు.

తిన్నాను. పులుపు, ఉప్పు, లోపల నూనె. సన్నటి ముళ్లు వెనిగర్‌కి మెత్తబడి తెలియనే లేదు. అప్పుడు నా దగ్గరున్న సరుకు బయటికి తీశాను. మా గోదావరిలో పులస అని ఉంటుందండీ, వరదల కాలంలో సముద్రంలోంచి నదికి ఎదురీదుతూ వస్తుంది, ముళ్లు అంతా ఇంతా కావు, పులుసు పెట్టిన రోజు కంటే మర్నాడు బాగుంటుంది, దాని కోసం పుస్తెలమ్మైనా తినాలంటారు అని. పుస్తెలంటే ఏంటో ఫోన్‌లో బొమ్మ చూపించాల్సి వచ్చింది. తైషో పని ఆపేశాడు. కొహదా కూడా వెనిగర్ పట్టాక ఒకట్రెండు రోజులు ఆగితేనే బాగుంటుందట. ఆ మూల కుర్చీలో ఉన్న దంపతులు పులస ధర ఎంత అని అడిగారు. చెప్తే నమ్మలేదు. ఆ ధరలు మనకే నమ్మబుద్ధి కావు, వాళ్లనేం అంటాం.

ఇందులో నేను ఎవరినీ పలకరించలేదని గమనించండి. చేప గురించి అడిగాను, వాళ్లే వచ్చారు. మీరు విశాఖవారైతే చేపల రేవు గురించి చెప్పండి, తెలంగాణవారైతే చెరువు కొర్రమీను గురించి చెప్పండి. కాలానికో చేప అన్న ఆలోచన వాళ్లకీ మనకీ ఒకటే. చలికాలంలో బురి, వేసవిలో అజి, శరదృతువులో తిరిగొచ్చే కత్సువో. ఇప్పుడు ఏ చేప కాలం అని అడిగితే వద్దనే మనిషిని నేను చూడలేదు.

వాళ్లు మిమ్మల్ని అడిగేవీ చెప్పేస్తాను, సిద్ధంగా ఉండండి. ఇండియా అనగానే రోజూ కర్రీ తింటారా అంటారు. రెండంకెల ఎక్కాలు నిజంగా బట్టీ పడతారా అంటారు. పంతొమ్మిదో ఎక్కం ఎక్కడో ఒక చోట అప్పజెప్పాల్సి వస్తుంది, విమానంలో ఒకసారి తిరగేసుకోండి. ఈ మధ్య మూడోది చేరింది. 2022 అక్టోబరులో ఆర్ఆర్ఆర్ అక్కడ విడుదలైనప్పటి నుంచి మన భాషకి కొంతమందిలో గుర్తింపు వచ్చింది. 2024 జనవరిలో తకరాజుకా, అంటే అందరూ ఆడవాళ్లే నటించే పేరున్న సంస్థ, ఆ కథని రంగస్థలం మీదికి కూడా తెచ్చింది. అది చూసినావిడ పక్కన తగిలితే ఆ రాత్రికి మీరు మాటలు వెతుక్కోనక్కర్లేదు. తెలుగా, హిందీ కాదా అని ఆశ్చర్యపోయి, నాలుగు మాటలు నేర్పమంటారు.

మనం అడక్కూడనివి మాత్రం మన ఊళ్లో మొట్టమొదట అడిగేవే: పెళ్లయిందా, పిల్లలెందరు, జీతమెంత. వాళ్లంతట వాళ్లు చెబితే వినండి. కొట్టు గురించి, పేట గురించి, జాతర గురించి అడగండి. మొన్జెన్ నకాచోలో గుడి ఉత్సవం మాటెత్తితే పల్లకీ మోసిన భుజాలు కౌంటర్ దగ్గర కనీసం ఒక జత ఉంటాయి.

ఎప్పుడు ఊరుకోవాలో కూడా తెలియాలి. జవాబు ఒక్క ముక్కలో వచ్చి తల ముందుకి తిరిగిపోతే వదిలేయండి. సూట్లు వేసుకున్న ఇద్దరిలో ఒకాయన రెండో ఆయనకి వంగి వంగి పోస్తుంటే అది వ్యాపార విందు, మధ్యలో దూరకండి. జంటలూ అంతే. అనువాదం యాప్‌ని ప్రతి వాక్యానికీ మధ్యలో పెడితే కాసేపట్లో అందరూ అలసిపోతారు. చేప పేరుకో పుస్తెలకో వాడుకోండి, మిగతాది చేతులు చూసుకుంటాయి.

మీరు తాగరు కాబట్టి సగం గొడవ లేదు. ఎవరైనా పోస్తామంటే గ్లాసు మీద చెయ్యి అడ్డుపెట్టి టీ చూపిస్తే చాలు, బలవంతం చేసేవాళ్లు తక్కువ. అభిమానం కొద్దీ ఒక నిగిరి మీకు కొనిస్తే తీసుకుని "గొచిసోసమ దెస్" అనండి. కానీ ఇంకో చోటికి వెళ్దాం రమ్మంటే, ఆ మనిషి ఎంత మంచివాడిలా ఉన్నా, రేపు పొద్దున్నే మీటింగ్ ఉందని చెప్పి లేవండి. ఇది ఆడవాళ్లకే కాదు, టోక్యోలో బార్లతో నిండిన కబుకిచో లాంటి చోట్ల దారిలో నిలబడి మంచి బారు చూపిస్తామనేవాళ్ల వెనక వెళ్లి జేబులు ఖాళీ చేసుకున్న మగవాళ్ల కథలు మా పేటలో బోలెడు. కౌంటర్ దగ్గర పరిచయం కౌంటర్ దగ్గరే ఉండనివ్వండి, మళ్లీ కలవాలంటే అదే కొట్టుకి వస్తారు.

ఒసాకా వెళ్లాక పైన చెప్పిన పద్ధతులు సగం గాలికి వదిలేయొచ్చు. అక్కడ పక్కవాళ్లే ముందు పలకరిస్తారు, మీరు ఏం ఆర్డర్ చేశారో చూసి అది కాదు ఇది తినమంటారు. తెన్మా స్టేషన్ చుట్టుపక్కల సందుల్లో నిలబడి తినే సుషీ కొట్లున్నాయి, చవక, భుజాలు తగులుతాయి, గోల. నాకైతే టోక్యో నెమ్మదే ఇష్టం, కానీ భాష రానివాళ్లకి ఒసాకాయే తేలిక.

మీ వెజిటేరియన్ సహోద్యోగి ఎవరైనా కలిస్తే కీరదోస ముక్క చుట్టిన కప్పా మాకి ఉంటుంది. గుడ్డు తింటారా అని అడిగి తామాగో అనే గుడ్డు అట్టు, వేయించిన తోఫు సంచిలో అన్నం పెట్టిన తీపి ఇనారి అని సులువుగా సిఫారసు చేస్తారు కానీ వాటిల్లో చేప కాచిన దాషి నీళ్లు పడే అవకాశం ఎక్కువ. మిసో సూప్‌లో దాదాపు ఎప్పుడూ ఉంటుంది. గట్టిగా పట్టింపున్నవాళ్లని సుషీ కొట్టుకి తీసుకెళ్లకపోవడమే మేలు.

లేచేటప్పుడు "ఒకైకేయ్ ఒనెగాయ్‌షిమాస్" అంటే బిల్లు. కొందరు "ఒఅయిసొ" అంటారు, అది కొట్టువాళ్ల మాట, మనకొద్దు. చిన్న కొట్లు కొన్ని కార్డు తీసుకోవు, నోట్లు ఉంచుకోండి. టిప్పు ఇవ్వకండి, వీధి చివరిదాకా పరిగెత్తుకొచ్చి తిరిగిచ్చేస్తారు. రాత్రి పూట మీరు అడగని ఒక చిన్న గిన్నె ముందు పెట్టి ఉంటారు, దానికి మూడొందలో ఐదొందలో బిల్లులో పడుతుంది, మోసం అనుకోకండి. వెనకాల ఎవరైనా కుర్చీ కోసం నిలబడి ఉంటే మాట ఎంత రుచిగా ఉన్నా లేవాలి.

రోజు సంగతి ఒకటి మిగిలింది. తొయోసు మార్కెట్‌కి ఆదివారాలు సెలవు, చాలా బుధవారాలు కూడా సెలవే. పేట కొట్లు చాలావరకు ఆ లెక్కలోనే మూసుకుంటాయి. మీరు దిగేది శనివారం కాబట్టి ఆ వారాంతం నిద్ర తీర్చుకుని, మొదటిసారి మంగళవారం పెట్టుకోండి. గురువారం మళ్లీ అదే కొట్టుకి వెళ్లండి, కొత్తది వెతక్కండి. రెండోసారి మీరు తలుపు తీసేసరికి తైషోకి మీ గొడ్డు మాంసం సంగతి గుర్తుంటుంది, పక్కవాళ్లకి మిమ్మల్ని ఆయనే పరిచయం చేస్తాడు.